మోసేవాళ్లకి వద్దని చెప్పడం

మా పేటలో ఎవరూ వద్దు అనరు. పెళ్లై ఈ పేటకొచ్చి నా జుట్టు సగం నెరిసింది గానీ, మీటింగులో ఒక్కరి నోటినుంచీ ఆ మాట రావడం పోయినేటి దాకా వినలేదు.

జోగ్జా నగరంలో చోడే నది గట్టు మీద, పై రోడ్డు నుంచి నీళ్ల దాకా దిగుతూ పోయే పేట మాది. ఏటా జనవరిలో వార్డు ఆఫీసు వాళ్లు ప్రతి పేటనీ అడుగుతారు, ఈసారి మీకేం పని కావాలో మీరే కూర్చుని తేల్చుకోండి అని. మేం కూర్చుంటాం. మా పేట పెద్ద పాక్ హార్సోయో (పాక్ అంటే మాలో అయ్యగారు అన్నట్టు), రైల్వేలో చేసి రిటైరైన మనిషి, ఇస్త్రీ చేసిన మైనపు అద్దకం బాతిక్ చొక్కా వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుంటారు. ఫలానాది చేయిద్దామనుకుంటున్నాను, ఏమంటారు అని అడుగుతారు. అందరం చాప వంక చూస్తాం. కాసేపాగి, అయితే అందరికీ సమ్మతమే కదా అంటారు. సమ్మతమే అంటాం. టీ వస్తుంది, తాగి లేస్తాం. ఇళ్లకి పోయే దారిలో మొదలవుతుంది అసలు మీటింగు, ఆయనకి వినపడనంత దూరం వెళ్లాక.

ఆయన్ని చెడ్డమనిషి అనుకోకండి. పేటలో ఎవరింట్లో చావైనా, పురుడైనా అందరికంటే ముందు గడప తొక్కేది ఆయనే. మేం నోరు విప్పకపోతే ఆయన మాత్రం ఏం చేస్తారు? పెద్దాయన అన్నదాన్ని నలుగురిలో కాదనడమంటే మాకు ఆయన్ని చెయ్యి పట్టుకుని కిందికి లాగినంత పని. అంతెందుకు, లస్త్రికి నోరెక్కువని పేటంతా నా గురించి చెప్పుకుంటారు. పొద్దున్నే పై రోడ్డు పక్కన బల్ల వేసి, ఉడికించిన ఆకుకూరల మీద వేరుశనగ పచ్చడి పోసి అమ్ముతాను. కొన్నవాళ్లకి నా మాటలు ఊరికే వస్తాయి. అలాంటి నేనూ మీటింగులో చాప వంకే చూస్తాను. అందుకే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

మా పేటలో అందరికంటే కింద, నదిని ఆనుకుని ఒక వరస ఇళ్లున్నాయి. ఆ వరసలో బు రుకినిది, అంటే రుకిని అమ్మగారిది, చివరి ఇల్లు. ఆమె భర్త పాక్ వాగిమాన్ తాపీమేస్త్రీ. చేతిలో తాపీ ఉన్నన్నాళ్లూ పేటలో ఆయన చెయ్యి పడని గోడ లేదు. తర్వాత కిడ్నీలు పాడయ్యాయి, కాళ్లలో సత్తువ పోయింది. మంగళవారం, శుక్రవారం ఆస్పత్రికి వెళ్లి రక్తం శుభ్రం చేయించుకోవాలి. కింది వరస నుంచి పై రోడ్డుకి మెట్లు తప్ప దారి లేదు. ఆ మెట్లు ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అంటుకుపోవాల్సినంత ఇరుకు, వానాకాలం పాచి పట్టి జారుతాయి. అందుకని ఆ రెండు రోజులూ నలుగురు మగవాళ్లు ఆయన్ని వెదురు కుర్చీలో కూర్చోబెట్టి పైకి మోస్తారు, మధ్యాహ్నం మళ్లీ కిందికి దింపుతారు.

ఆ నలుగురిలో మా ఆయన పార్జో ఒకడు. రిక్షా తొక్కే కిర్నో ఇంకొకడు. ఎవరూ వాళ్లని పిలవలేదు, ఎవరూ వంతులు వేయలేదు. మొదటి మంగళవారం వెళ్లారు, అంతే, తర్వాత అది వాళ్ల పనైపోయింది. మోసిన ప్రతిసారీ రుకిని వాళ్లకి వేడివేడిగా తీపి టీ, వేయించిన కర్రపెండలం పెట్టేది. రెండు చేతులూ జోడించి, నడుం వంచి, మీ రుణం తీర్చుకోలేనిది అనేది. అబ్బే, ఇదొక పనా అనేవాళ్లు వీళ్లు.

ఇదొక పనా అన్న మనిషి ఇంటికొచ్చి బోర్లా పడుకుంటే నడుముకి బామ్ రాసేది నేను.

ఆ మెట్ల గోడకి అవతలున్న ఖాళీ గట్టు మీద వాలుగా ఒక ర్యాంపు వేయించుకుంటే చాలు, మూడు చక్రాల మోటారు బండి నేరుగా ఇంటి గుమ్మం దాకా దిగుతుంది. పేటలో ఈ సంగతి తట్టని మనిషి లేడు. అయినా ఏ జనవరిలోనూ ఎవరూ అడగలేదు. మీటింగులో ర్యాంపు కావాలని అను మాస్ అని మా ఆయన్ని ఒకసారి పోరాను, మాస్ అంటే మాలో మొగుణ్ణి పిలిచే మాట.

"రుకిని ముందు ఎలా అంటాను? మీ ఆయన బరువైపోయాడని చెప్పినట్టుండదూ?" అన్నాడు.

పోనీ అని రుకినితో అన్నాను. ఆమె నా నోటికి చెయ్యి అడ్డం పెట్టినంత పని చేసింది. వాళ్లంత జాగ్రత్తగా మోస్తుంటే ర్యాంపు అడగడమేమిటి, మీ మోత నాకు చాలలేదని అన్నట్టు కాదా అంది. మరి నేను అడగొచ్చుగా? మోసేవాడి పెళ్లాం అడిగితే అది మొగుడి నడుమునొప్పి కాక ఇంకేమవుతుంది? ఇలా ఒకరి మనసు నొప్పించకూడదని ఇంకొకరం, ఆ ముసలాయన్ని ఏళ్ల తరబడి కుర్చీలో ఊగిస్తూనే ఉన్నాం.

పోయినేడు వార్డు ఆఫీసుకి నింద్యా అని కొత్త అమ్మాయి వచ్చింది. చదువుకున్న పిల్ల, మర్యాద తెలిసిన పిల్ల. జనం మాట్లాడరు కాబట్టి మాట్లాడకుండానే చెప్పే పద్ధతి ఒకటి తెచ్చింది. పనులన్నిటికీ బొమ్మలు గీసి గోడకి అంటిస్తారట. మనిషికి మూడేసి గుండ్రటి స్టిక్కర్లు ఇస్తారట. ఎవరికి కావాల్సిన బొమ్మ మీద వాళ్లు అంటించడమే, ఎక్కువ పడినది గెలిచినట్టు. నా బల్ల దగ్గర ఆకుకూర తింటూ ఈ మాట చెబితే, పచ్చడి ఇంకో గరిటె ఎక్కువ పోసి చెవిలో చెప్పాను, ర్యాంపు బొమ్మ ఒకటి గియ్యి తల్లీ, ఎవరు గీయమన్నారంటే ఆఫీసు వాళ్ల ఆలోచన అను అని. ఆ పిల్ల నా మొహంలోకి చూసి, ఇంకేమీ అడక్కుండా సరేనంది.

ఆ జనవరిలో ఒక ఆదివారం సాయంత్రం ప్రార్థన అయ్యాక పై రోడ్డు పక్కనున్న పేట హాలులో మీటింగు. పాక్ వాగిమాన్‌ని కూడా మోసుకొచ్చారు, ఆయన్ని పిలవకపోతే మర్యాద కాదని. గోడ మీద బొమ్మలు బాగున్నాయి. ఒకటి వీధి దీపాలు, ఒకటి ర్యాంపు, ఒకటి పేట మొదట్లో కొత్త కమాను. కమాను పాక్ హార్సోయో కోరిక. ఆగస్టు పదిహేడు స్వాతంత్ర్య పండక్కి పేటల మధ్య అలంకారం పోటీ ఉంటుంది, పక్క పేటవాళ్లు అంతకు ముందేడు పులిబొమ్మలతో కమాను కట్టి గెలిచారు. అది ఆయన గొంతులో ముల్లులా ఉండిపోయింది.

నింద్యా స్టిక్కర్లు పంచి, ఇక మొదలుపెట్టండి అంది. ఎవరూ కదల్లేదు. అందరూ స్టిక్కర్లు వేలికి అంటించుకుని కూర్చున్నారు. పెద్దాయన ముందు వెళ్లకుండా ఎవరు లేస్తారు? చివరికి పాక్ హార్సోయో లేచి, కళ్లజోడు సర్దుకుని, మూడూ కమాను మీద అంటించారు. అప్పుడు లైను కట్టారండీ మావాళ్లు. ఒకరి వెనక ఒకరు, మూడూ కమాను మీదే. కమాను నిండిపోయి స్టిక్కరు మీద స్టిక్కరు పడింది. మా ఆయన చోటు చాలక ఒకటి గోడకే అంటించాడు. రుకిని కూడా తల వంచుకుని వెళ్లి కమాను మీదే అంటించింది. మీకు నచ్చిన దానిమీద పెట్టండి, భయం లేదు అని నింద్యా అంటూనే ఉంది. అందరూ ఆమెకేసి చూసి నవ్వుతున్నారు, అంటిస్తున్నారు.

నా వంతు వచ్చింది. మూడూ తీసుకెళ్లి ర్యాంపు మీద కొట్టాను.

నేనొచ్చి కూర్చునే లోపల పాక్ హార్సోయో బొమ్మల దగ్గరికి నడిచారు. ర్యాంపు మీదున్న ఆ మూడు స్టిక్కర్లనీ వంగి చూసి, ఎవరో పొరపాటున ఇక్కడ అంటించారే అని మెల్లగా గోటితో ఊడదీశారు, చిరగకుండా, ఎంతో జాగ్రత్తగా. తీసి కమాను మీద పెట్టారు. నిజంగానే పొరపాటనుకున్నారా, నా పరువు కాపాడదామనుకున్నారా, ఈరోజు వరకూ నాకు తెలీదు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానండీ, ఏం చెయ్యను.

నింద్యా మొహం వాడిపోయింది. అయినా ఊరుకోలేదు, కింది వరసవాళ్లు ఎవరైనా ఈ ర్యాంపు గురించి ఏమైనా చెబుతారా అని అడిగింది. అందరి తలలూ పాక్ వాగిమాన్ వైపు తిరిగాయి. ఆయన కుర్చీలో కొంచెం ముందుకి జరిగి, కమానే బాగుంటుందమ్మా, పాత కమాను కట్టింది నేనే, నా కళ్లముందే కొత్తది లేస్తే చూడాలనుంది అన్నారు. ఆ మాటకి నాలో ఓపిక చచ్చిపోయింది. ఇంక ఈ పేటని బాగుచేసేవాడు పుట్టలేదు అనుకున్నాను.

"అయితే అందరికీ సమ్మతమే కదా" అన్నారు పాక్ హార్సోయో.

సమ్మతమే అన్నారు అందరూ. అప్పటికి రుకిని టీ పళ్లెం పట్టుకుని వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. టీ వచ్చిందంటే మీటింగు అయిపోయినట్టే, కొందరు కాళ్లు చాపుకుంటున్నారు కూడా. ఆమె పళ్లేన్ని ఎవరి ముందూ పెట్టలేదు. గుమ్మంలోనే, కాళ్ల దగ్గర నేలమీద పెట్టేసింది.

"నాకు సమ్మతం కాదు" అంది.

గట్టిగా అనలేదు. అయినా హాల్లో అందరికీ వినబడింది.

పాక్ హార్సోయో అర్థంకానట్టు చూశారు. రుకిని నేల చూపులు చూస్తూనే, మీరు బాగా మోస్తారు, నలుగురూ, ఒక్కసారి కూడా ఆయన్ని కుదపలేదు అంది. కానీ నాకు అలసటగా ఉంది అంది.

"మోసేది మేమైతే అలసట మీకేమిటి బు?" అన్నాడు కిర్నో, వాతావరణం తేలిక చేద్దామని. ఒకరిద్దరు నవ్వారు.

రుకిని నవ్వలేదు. "దండం పెట్టీ పెట్టీ అలిసిపోయాను పాక్ కిర్నో. కిందటి నెల మీరు రిక్షా చక్రం నదిలో కడగడానికి తెచ్చి మా గోడకి ఆనించారు, ఇంత పెచ్చు ఊడిపోయింది. ఫర్వాలేదన్నాను. ఫర్వా ఉంది. ఆ గోడ ఆయన చేత్తో కట్టింది. మీ పిల్లలు మా పెరట్లో బొప్పాయిలు కోసుకుపోతే ఫర్వాలేదన్నాను. ఇందాక కమాను మీద అంటించాను, నాకు కమాను అక్కర్లేదు. పేటలో అందరూ అందరితో పోట్లాడతారు, మళ్లీ కలుస్తారు. నాకూ పోట్లాడాలని ఉంటుంది. మా ఆయన్ని మోసేవాళ్లతో నేనెలా పోట్లాడను? ఏ నోటితో వద్దంటాను?"

ఆమె ఏడవలేదు. నేనేడ్చాను. అన్నేళ్లూ ఆమె మంచితనం అనుకున్నది అప్పు అని నాకు తట్టనే లేదు. పాక్ వాగిమాన్ తన మోకాళ్ల వంక చూసుకుంటూ ఉండిపోయారు. ఆయన కమాను అడిగింది కూడా ఆ అప్పులో భాగమే మరి.

కిర్నో తల గోక్కున్నాడు. గోడకి రేపే సిమెంటు పూస్తాను బు అన్నాడు. పూయండి, అప్పుడే పూయాల్సింది అంది రుకిని. అలా ఆమె ఎవరితోనైనా అనడం మొదటిసారి. కిర్నో మొహంలో కోపం కోసం వెతికాను, కనబడలేదు. ఏదో బరువు దించుకున్న మనిషిలా ఉన్నాడు. అప్పుడు మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నా నడుము కూడా ఏమంత బాగోలేదు" అన్నాడు.

ఆ మాట కోసమే కూర్చున్నట్టు మిగతా ఇద్దరూ అందుకున్నారు. ఒకరికి మోకాలు, ఇంకొకరికి భుజం. వానలో ఒకసారి మూడో మలుపు దగ్గర కాలు జారబోయిందనీ, అప్పటి నుంచీ మంగళవారం అంటే నిద్ర పట్టదనీ ఒకాయన చెప్పాడు. పాక్ వాగిమాన్ తలెత్తి, నాకూ పట్టదయ్యా, పైనుంచి చూస్తే ఆ నది ఎలా కనబడుతుందనుకున్నారు అన్నారు. అప్పుడు నవ్వారండీ అందరూ, కడుపారా. నింద్యా ఏం చేయాలో తెలియక పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

పాక్ హార్సోయో మాత్రం నవ్వలేదు. కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. ఆయనకి కోపమొస్తే అన్నీ మొదటికొస్తాయని నాకు దడ. చివరికి లేచి, నింద్యా వైపు తిరిగి అన్నారు: "అమ్మాయ్, మా తాతల నాటి నుంచి ఇక్కడ లెక్క ఒకటే. ఒక్కరు కాదన్నా అది సమ్మతం కాదు. ఇన్నాళ్లూ ఎవరూ అనలేదు గనక మాకు గుర్తు లేదు. ర్యాంపు రాసుకో."

తర్వాత ఆయనే వంగి నేలమీది టీ పళ్లెం ఎత్తి అందరికీ అందించారు. టీ చల్లారిపోయింది, అయినా తాగాం.

ర్యాంపు ఎండాకాలంలో పూర్తయింది. పాక్ వాగిమాన్ కుర్చీలో కూర్చుని మేస్త్రీలకి ఒక్క పూట కూడా ఊపిరి సలపనివ్వలేదు. వాలు ఎక్కువైందని ఒకచోట పగలగొట్టించి మళ్లీ పోయించారు. ఇప్పుడు మోటారు బండి గుమ్మం దాకా వచ్చి ఆయన్ని ఎక్కించుకుపోతుంది. మొదటి మంగళవారం మా ఆయన అలవాటుగా తెల్లారుతూనే లేచి, చొక్కా వేసుకుని, గుమ్మంలో నిలబడి బండి పైకెళ్లడం చూశాడు. కర్రపెండలం ఇక ఉండదన్నమాట అన్నాడు. నేను వేయిస్తాలే అన్నాను. అది వేరు అన్నాడు. వేరేనని నాకూ తెలుసు.

మళ్లీ జనవరి వచ్చింది. ఈసారి నాదొక కోరిక. నెలకోసారి పేట పిల్లల్ని బరువు తూచి టీకాలు వేసేది హాలు ముందున్న ఖాళీ జాగాలో. ఎండకి పసివాళ్లు కమిలిపోతారు, ఏళ్లుగా చూస్తున్నాను. దానిమీద రేకుల పందిరి వేయించాలని పట్టుబట్టాను. ఇల్లిల్లూ తిరిగాను. అందరూ తలూపారు. రుకిని కూడా టీ ఇచ్చింది, విన్నది, నవ్వింది. పాక్ హార్సోయో సరేనన్నారు. మీటింగులో నేనే లేచి చెప్పాను, నా జీవితంలో మొదటిసారి చాప వంక చూడకుండా. అందరికీ సమ్మతమే కదా అని పెద్దాయన అడిగారు. ఇప్పుడాయన అడిగాక నిజంగానే ఆగుతున్నారు.

రుకిని చెయ్యెత్తింది. "నాకు సమ్మతం కాదు" అంది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. కింది వరస వెనకాల మురుగుకాలువ పూడిపోయింది, వానొస్తే వంటింట్లోకి నీళ్లు, ముందు అది బాగుచేయాలి అంది. పిల్లల సంగతేమిటని అడిగాను. పిల్లల్ని నెలకొక పూట తూస్తారు, గొడుగులు పట్టుకోవచ్చు, నా పొయ్యికి గొడుగు పట్టలేను బు లస్త్రి అంది. నేనొకటన్నాను, ఆమె రెండంది. నేను మీ ఇంటికొచ్చినప్పుడు నవ్వి ఊరుకున్నావే అని నిలదీశాను. ఇంట్లో టీ ఇచ్చి కాదనడం బాగోదని ఆగాను, మీటింగున్నది అందుకే కదా అంది. కింది వరసలో ఇంకో ఇద్దరు ఆమె వెనక గొంతు కలిపారు. కాలువ గెలిచింది.

టీ తాగకుండా లేచొచ్చేశాను. చెప్పులు విసిరేశాను. వంటగదిలో గిన్నెలన్నీ చప్పుడు చేస్తుంటే మా ఆయన వచ్చి ఏమైందన్నాడు.

"ఏమవ్వాలి? పచ్చడి ఎక్కువ పోసి ఆ పిల్లతో బొమ్మ గీయించింది ఎవరు? మూడు స్టిక్కర్లూ అంటించి నలుగురిలో నవ్వులపాలైంది ఎవరు? ఆవిడ కోసం నేనింత చేస్తే..."

మిగతాది నోట్లోనే ఆగిపోయింది. నేనూ ఆవిడ పేరున అప్పే రాసుకున్నానా అనుకుంటూ చేతిలో గిన్నె కింద పెట్టాను.

ఆ వారం నింద్యా కాలువ కొలతలకి వచ్చింది. పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలంటే నేనే కిందికి దిగి టేపు ఒక కొస పట్టుకున్నాను. రెండో కొస రుకిని పట్టుకుంది. మా ఇద్దరికీ ఇంకా మాటల్లేవు.